సొంత యిల్లు, కిరాయి యిల్లు: ఇందూరు, బోధను సీమల గృహచరిత్ర

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెఱుగనివారు తెలుగునాట లేరు. ఈ సామెత యిల్లు కట్టుటయందలి కష్టమును చెప్పుచున్నది గాని కట్టవలదని చెప్పుట లేదు. పెండ్లి యెట్లు తప్పనిదని మన పెద్దలు తలచిరో ఇల్లును అట్లే తప్పనిదని తలచిరని దీనివలన తేలుచున్నది. కావుననే మన సంఘమున సొంత యిల్లు లేనివానిని ఒక మెట్టు దిగువగా చూచుట, కిరాయి యింటివానికి పిల్లనిచ్చుటకు వెనుకాడుట, అప్పు చేసియైనను నాలుగు గోడలు నిలుపుట పరువని యెంచుట అలవాటైనవి. ఈ యలవాటు మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు ముందు అది యెట్లు వచ్చెనో, ఎవరికి మేలు చేసెనో విచారించుట న్యాయము. అట్టి విచారణకు ఇందూరు, బోధను సీమలు మిక్కిలి తగినవి. ఏలయన ఇచట నూఱేండ్ల లోపలనే మూడు విధములైన యిండ్లు మూడు పేళ్లతో పుట్టినవి. అవి క్యాంపు, క్వార్టరు, కిరాయి యిల్లు. మూడు పేళ్లును పరభాషలనుండి వచ్చినవే. మూడింటియందును మనవారు కాపురములు చేసిరి, బిడ్డలను పెంచిరి, ముసలివారైరి. కాని మూడింటి నిలుకడ ఒక్క తీరుగా నుండలేదు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నకంటె, ఆ యింటనుండి మనలను ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున లేవగొట్టగలరన్న ప్రశ్న ముఖ్యమైనది. తమదనుకొన్నను నిలుకడ లేని యిండ్లున్నవి. తమది కాకున్నను నిలుకడ గల యిండ్లును లోకమున నున్నవి. ఈ భేదమును గమనింపక పరువునంతయు గోడలకే కట్టిపెట్టుటచేత మన కుటుంబములు చాల నష్టపోవుచున్నవి.

పూర్వము ఈ సీమ పల్లెలలో ఇల్లు కొనుట, అమ్ముట, కిరాయికిచ్చుట అరుదు. దొరలున్న ఊళ్లలో గడి అన్నింటికంటె ఎత్తుగా నిలిచియుండెడిది. తక్కిన రైతులకు పెంకుటిండ్లును మట్టి యిండ్లును ఉండెడివి. అంటరానివారని వెలివేయబడినవారి గుడిసెలు ఊరి వెలుపల నుండెడివి. ఇండ్లున్న నేలను గ్రామకంఠమనియు ఆబాది యనియు పిలిచెడివారు. పొలమునకు పట్టా యుండెను, శిస్తుండెను. ఇంటి నేలకు సామాన్యముగా అట్టి పత్రములు లేవు. తాత యచట నుండెను గనుక తండ్రి యుండెను, తండ్రి యుండెను గనుక కొడుకుండెను. హక్కు కాగితముమీద గాక ఊరివారి జ్ఞాపకమున నిలిచియుండెను. బలవంతునకు ఈ జ్ఞాపకము చాలును. వెట్టి చేయువానికి మాత్రము అది చాలదు. వాని గుడిసెకు ఆధారము దొర దయ. దొరకు కోపము వచ్చినచో ఊరి జ్ఞాపకము నోరు మెదపదు. ఈ కొఱత యెంత కాలము సాగెననగా, 2020వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ యను పథకమును ఆరంభించి, దేశమందలి గ్రామకంఠములను డ్రోనులచే ఆకాశమునుండి కొలిపించి ఇంటివారికి పత్రములిచ్చుటకు పూనుకొనవలసి వచ్చెను. తరతరములుగా సొంతమని యనుకొన్న యిండ్లకు సొంతమని చూపు కాగితము లేదన్నమాట.

ఇందూరు పట్టణమునకు నిజామాబాదని పేరు మాఱినది 20వ శతాబ్దపు తొలినాళ్లలో. హైదరాబాదునుండి మన్మాడునకు పోవు రైలు దారి యీ పట్టణముమీదుగా సాగినదియు ఆ కాలముననే. రైలుతో వర్తకులు వచ్చిరి. జిల్లా కచ్చేరీలతో ఉద్యోగులు, వకీళ్లు, బడిపంతుళ్లు వచ్చిరి. నేడొక తాలూకా, రేపొక తాలూకాగా తిరుగు ఉద్యోగి యిల్లు కట్టి యేమి చేయును? వానికి కావలసినది నెలకింతని యిచ్చి తలదాచుకొను చోటు. ఈ విధముగా పట్టణమున కిరాయి యిల్లు పుట్టినది. దాని పుట్టుకయందు సిగ్గుపడవలసినదేమియు లేదని చదువరులు గమనింపవలెను. చదువుకొని ఊరు విడిచినవాడు, కులవృత్తి వీడి క్రొత్త జీవనోపాధి వెదకికొన్నవాడు మొదట కిరాయి యింటనే కాలు పెట్టెను.

ఇక పల్లెల సంగతి. మంజీరానదికి అడ్డముగా అచ్చంపేట, బంజెపల్లి గ్రామములయొద్ద 1923లో నిజాంసాగరు నిర్మాణము మొదలై 1931లో ముగిసెను. ఆ మహాకార్యమును నడపిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. 2,75,000 ఎకరములకు నీరందింపవలెనని సంకల్పము. సేద్యచరిత్రలో దీనిని లాభముగా వ్రాయుదుము. గృహచరిత్రలో మాత్రము మొదట నష్టపు పద్దున వ్రాయవలసియున్నది. జలాశయము క్రింద మునుగు పల్లెలు ఖాళీ చేయబడినవి. ఊరి జ్ఞాపకమే హక్కుపత్రముగా బ్రదికినవారికి ఊరే లేకపోయిన తరువాత ఆ హక్కును చెప్పు సాక్షి యెవడు? నీరు త్రాగి పండిన ప్రతి మడివెనుక, నీటిలో మునిగిన యొక వాకిలి యున్నదని మఱవరాదు.

కాల్వ వచ్చినది గాని కాల్వ క్రింది నల్లరేగడి నేల వెంటనే మాగాణి కాలేదు. మెట్టపంటలకలవాటుపడిన స్థానిక రైతునకు నేలను చదును చేయుటకు పెట్టుబడి లేదు. నీటి సేద్యమునందు అనుభవమును చాలదు. కృష్ణా, గోదావరీ డెల్టాల రైతుల స్థితి వేఱు. అచట ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. రెండు మూడు తరములుగా వారు కాల్వనీటితో పండించుచుండిరి. జనము పెరిగి కమతములు తరిగెను. భూమి వెల సామాన్యునకు అందకుండ పోయెను. అందుచేత 1930 తరువాత వారిలో కొందఱు నిజాంసాగరు కాల్వల వైపు చూచిరి. అచట ఒక ఎకరము అమ్మిన సొమ్ముతో ఇచట పెక్కు ఎకరములు కొనవచ్చునన్న లెక్క వారిని కదలించెను. బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములకు బండ్లతోను రైళ్లతోను కుటుంబములు వచ్చినవి.

వచ్చినవారు మేడలు కట్టుకొనలేదు. కొన్న పొలముల నడుమ పాకలు వేసికొని, చెట్లు కొట్టి, నేల చదును చేసి, బోదెలు త్రవ్వుకొనిరి. ఉన్న డబ్బు నేలకు, ఎడ్లకు పెట్టిరి. ఆ పాకల గుంపులను జనులు క్యాంపులనిరి. పంటలు చేతికందిన తరువాత పాకలు పెంకుటిండ్లైనవి, పెంకుటిండ్లు డాబాలైనవి, బడులు వచ్చినవి, గుళ్లు వెలసినవి. పేరు మాత్రము మాఱలేదు. గుడారమునకు చెల్లు మాట రెండంతస్తుల మేడకును చెల్లుచున్నది. 1950 తరువాత తుంగభద్ర కాల్వల క్రిందికి, అనగా కర్ణాటకమునందలి గంగావతి, సింధనూరు, రాయచూరు ప్రాంతములకు పోయిన తెలుగు రైతుల ఊళ్లకును ఇదే క్యాంపు పేరు నిలిచినది. పేరు తాత్కాలికము, బ్రదుకు శాశ్వతము. దీనికి కారణము గోడల బలము గాదు. గోడలు నిలిచిన నేలకును చుట్టునున్న పొలమునకును వారి చేత పత్రముండెను. ముందు చేను, తరువాత ఇల్లు అన్న క్రమమును వారు పాటించిరి. జీవనోపాధి కుదురుకొనకముందే యింటికై అప్పులపాలగు నేటి కుటుంబములు ఈ క్రమమును శ్రద్ధతో గమనింపదగును.

అయితే ఈ కథకు రెండవ ప్రక్కయు నున్నది. ఒకడు అగ్గువకు కొన్నాడనగా మఱియొకడు అగ్గువకు అమ్మినాడన్నమాట. కాల్వనీరు రాబోవు నేల విలువ తెలియకయో, అప్పు తీర్చుకొనుటకో అమ్ముకొన్న స్థానిక రైతులలో కొందఱు ఆ నేలయందే కౌలుదారులును కూలివారును ఐరి. ఆ బాధ తరువాతి తరములకును సంక్రమించినది. క్యాంపులలో పుట్టి పెరిగి, ఇచటి బడిలో చదివి, ఇచటి శ్మశానమున తమ పెద్దలను కాల్చుకొన్నవారిని గూడ సెట్లర్లనియే పిలుచుట వాడుకయైనది. 1969 నాటి ఉద్యమ కాలమునను, తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014కు ముందటి సంవత్సరములలోను ఈ మాట పదునెక్కినది. ఇచట ఇద్దఱి దుఃఖమును సత్యమే. ఇంటికి పత్రముండినంతమాత్రమున ఊరు తనదగునా యని యొకడు అడుగుచున్నాడు. తరతరముల ఊరిలో తనకే నేల లేకపోయెనే యని మఱియొకడు అడుగుచున్నాడు. రిజిస్ట్రారు కచ్చేరీ మొదటివానికి ఇల్లు వ్రాసియీయగలదు గాని ఇరుగుపొరుగును వ్రాసియీయజాలదు. అది పరస్పర మర్యాదవలన, బిడ్డలు కలిసి చదువుటవలన, పండుగకు పబ్బమునకు ఒకరి గుమ్మము నొకరు త్రొక్కుటవలన రావలసినదే.

ఈ సీమ చరిత్రయందు 1937 గుర్తుంచుకొనదగిన యేడు. ఆ యేట నిజామాబాదునందు ఆఱవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగెను. బోధనునొద్ద నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినదియు ఆ యేటనే. ఒకచోట మనుష్యుని వెట్టినుండి విడిపింపవలెనను మాట, మఱియొకచోట మనుష్యునకు జీతమిచ్చు యంత్రము. హైదరాబాదు ప్రభుత్వము 1929లో నెలకొల్పిన పారిశ్రామిక నిధి కర్మాగారమున సొమ్ము పెట్టినది. 1938లో చక్కెర తీయుట ఆరంభమైనది. ఒక కాలమున ఆసియా ఖండమునందే పెద్ద కర్మాగారమని దీనికి పేరు. కర్మాగారమునకు స్వంతమైన చెఱకు తోటలే వేల ఎకరములుండెను. దాని చెంతనే శక్కర్ నగరను పేరుతో ఒక క్రొత్త ఊరు వెలసెను.

శక్కర్ నగరులోని యిల్లు క్యాంపు ఇంటికి సరిగా తలక్రిందైనది. క్యాంపు ఇంటికి తొలుత గోడ లేదు, హక్కున్నది. క్వార్టరుకు గట్టి గోడ యున్నది, హక్కు లేదు. నివాసి యుద్యోగియైనంతకాలమే అది యిల్లు. యింటి కొలత కుటుంబపు తలలను బట్టి గాక ఉద్యోగపు హోదాను బట్టి యుండును. అయినను నాటి పల్లెవానికి అది స్వర్గమే. సున్నము కొట్టిన గోడలు, చేరువ బడి, వైద్యశాల, నెలనెలా జీతము, అన్నింటికంటె మిన్నగా దొర గడి నీడ పడని వాకిలి. ఊరిలో వెట్టి చేసినవాని కొడుకు క్వార్టరు తలుపునకు తాళము వేసికొని పనికి పోవుట చిన్న మార్పు కాదు. చెఱకు గానుగ ఆడు కొన్ని నెలలకే పనికి వచ్చు కూలివారికిని, తోటల గట్లమీద చెఱకాకు గుడిసెలలో తలదాచుకొను కోతకూలీలకును అదియును లేదు. తీపి పుట్టించు చేతులలో అట్టడుగువానికి గోడయును లేదు, హక్కును లేదు.

క్వార్టరు కాపురమున ఒక మోసమున్నది. అది యెవరును కావలెనని చేసిన మోసము కాదు, కాలము చేయునది. కిరాయి భారము లేదు గనుక ఇల్లు కట్టుకొను తొందర తోచదు. ముప్పదియేండ్లు గడచును. పిల్లల పెండ్లిండ్లు ఆ వాకిటనే జరుగును. నాటిన వేపచెట్టు నీడనిచ్చును. చెట్టు తనదని మనస్సు నమ్మును, దస్తావేజు నమ్మదు. 2002లో ప్రభుత్వము కర్మాగారపు వాటాలలో నూటికి 51 పాళ్లు ప్రైవేటువారికి అప్పగించెను. 2015 డిసెంబరులో లేఆఫు ప్రకటింపబడి యంత్రము లాగివేయబడెను. 2019లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునలు ఆ కంపెనీ ఆస్తుల పరిసమాప్తికి ఉత్తరువు చేసెను. జీతమాగిననాడు తక్కిన పనివాడు కూటికి మాత్రమే వెదకికొనును. క్వార్టరువాడు కూటిని గూటిని ఒక్కసారిగా వెదకికొనవలసి వచ్చును. పనియు ఇల్లును ఒక్క చేతినుండియే వచ్చుటవలన కలుగు అపాయమిది.

ఈ యపాయము మనదేశమునకే పుట్టినది కాదు. అమెరికాలో చికాగో నగరమునొద్ద పుల్‌మాన్ అను రైలుపెట్టెల కంపెనీ 1880 ప్రాంతమున తన పనివారికై యొక చక్కని పట్టణము కట్టించెను. ఇటుక యిండ్లు, తోటలు, గ్రంథాలయము అన్నియు నుండెను. 1893లో వ్యాపారము మందగింపగా కంపెనీ కూలి తగ్గించెను, ఇంటి అద్దె మాత్రము తగ్గింపలేదు. 1894లో గొప్ప సమ్మె జరిగెను. తుదకు 1898లో ఇల్లినాయి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము, రైలుపెట్టెలు చేయుటకేర్పడిన కంపెనీకి పట్టణమునేలు పని లేదని చెప్పి, కర్మాగారమునకు పనికిరాని ఆస్తిని వదలుకొమ్మని తీర్పు చేసెను. యజమాని యెంత మంచి యిల్లు కట్టించినను, అన్నము పెట్టు చేయియే తలుపు తాళమును పట్టరాదన్న నీతి అచట బయటపడెను. మనదేశమున 1952లో కేంద్ర ప్రభుత్వము కార్మికుల యిండ్ల నిర్మాణమునకు సహాయపథకమును ఏర్పాటు చేసినది గాని, పని పోయిననాడు ఇల్లేమగునన్న ప్రశ్న కార్మికుని వదలలేదు.

ఇక పట్టణమునందలి కిరాయి యింటికి మరలుదము. 2011 జనాభా లెక్కలనాటికే నిజామాబాదు నగరమున 3 లక్షలకు పైగా జనులుండిరి. ఇందఱును సొంత యిండ్లు కట్టుకొని పట్టణమునకు రాలేదు. హైదరాబాదు రాజ్యమున 1954లో ఇండ్ల కిరాయి, ఖాళీ చేయించుటల నియంత్రణకు చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాత 1960 నాటి చట్టము దాని స్థానమున నిలిచెను. కిరాయి చెల్లింపకపోవుట, అనుమతి లేక మఱియొకరికిచ్చుట, యజమానికే ఇల్లు నిజముగా అవసరమగుట మొదలైన కారణములు లేక ఖాళీ చేయింపరాదని ఆ చట్టము చెప్పుచున్నది. న్యాయమైన కిరాయి నిర్ణయించుటకు అధికారియు నేర్పడెను. అయితే క్రొత్త యిండ్లు కట్టువారికి ఉత్సాహము కలుగవలెనని 1957 ఆగష్టు 26 తరువాత కట్టిన యిండ్లకు ఈ చట్టము వర్తింపదని మినహాయింపునిచ్చిరి. ఆ మినహాయింపు అవధి లేక సాగిపోయెను. 1983లో సుప్రీంకోర్టు, పాతికేండ్లు గడచిన తరువాత ఉత్సాహపఱచు ప్రయోజనము తీరిపోయినదనియు, ఇక నట్టి భేదము సమానతకు విరుద్ధమనియు చెప్పి దానిని కొట్టివేసెను. పిదప ప్రభుత్వము కట్టిన నాటినుండి 10 సంవత్సరములవఱకు మాత్రమే మినహాయించెను. ఈ వృత్తాంతమున మన సమస్యయంతయు నిమిడియున్నది. కిరాయిదారుని కాపాడవలెను, క్రొత్త యిండ్లు కట్టువానిని బెదరింపరాదు. ఒకదానికై మఱియొకదానిని బలి చేయకుండుటయే నేర్పు.

చట్టమెంత చెప్పినను గుమ్మమునొద్ద జరుగునది వేఱు. కిరాయికి ఇల్లున్నదని బోర్డు చూచి పోయినవానిని మొదట నడుగునది జీతమెంతయని గాదు, మీరెవరు అని. ఆ ప్రశ్నకు అర్థము కులమేమి, మతమేమి యని. మాంసము వండుదురా, ఇంట వితంతువులున్నారా, బంధువులు తఱచుగా వత్తురా యని తరువాతి ప్రశ్నలు. దేవాలయ ద్వారములు తెఱచితిమని గర్వించు మనము, పెరటి గదికి కిరాయిదారుని వెదకునప్పుడు ఆ ద్వారమును మరల మూయుచున్నాము. చదువుకొని ఉద్యోగమునకు వచ్చిన హరిజన యువకుడు ఊరి వెలుపలి గుడిసెను వీడి పట్టణమునకు చేరినను, ఊరి వెలుపలనే గది దొరకుచున్నచో మన సంస్కారమునకు ఫలమేమి? ఇంటి యజమానులైన చదువరులు ఈ మాటకు కోపింపక ఆలోచింతురని నమ్ముచున్నాను.

ఈ సీమకు ప్రత్యేకమైన మఱియొక సంగతి చెప్పవలసియున్నది. నిజామాబాదు ప్రాంతమున బీడీలు చుట్టుట వేలకొలది స్త్రీలకు జీవనాధారము. వారి కర్మాగారము వారి యిల్లే. తునికాకు తడిపి కత్తిరించుట, పొగాకు నింపుట, చుట్టి దారము కట్టుట అన్నియు అరుగుమీదనో, నడుమ గదిలోనో జరుగును. చంటిపిల్ల అచటనే యాడుకొనును. పొగాకు దుమ్ము అన్నపు కుండవఱకు పోవును. ఇట్టి స్త్రీకి ఒక్క గది కిరాయి యిల్లు మారుటయనగా నివాసముతోబాటు పనిచోటును మారుటయే. వెలుతురు, గాలి యున్న వసారా యొకటి యెక్కువైనచో ఆమె ఆయుష్షే పెరుగును. 1976లో వచ్చిన బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టము క్రింద ఇండ్లకు సహాయమిచ్చుట మెచ్చదగినది. పెద్దలు ఇంటిని చూచి ఇల్లాలిని చూడమన్నారు. ఇల్లాలి పనిని చూచి ఇల్లు కట్టవలెనని మనము చెప్పుకొనవలసియున్నది.

ఇప్పుడు క్రొత్త యిండ్ల మాట. 1970 తరువాత ఈ జిల్లా యువకులు దుబాయి, సౌదీ మొదలైన ఎడారి దేశములకు కూలికి పోవుట యెక్కువయ్యెను. వారి చెమట మన పల్లెలలో మేడలై నిలిచినది. ప్రయాణమునకు చేసిన అప్పు తీరకముందే ఇంటికి పునాది త్రవ్వుటయు, శ్లాబు పడిన తరువాత డబ్బు చాలక ఇనుప చువ్వలు ఆకాశమువంక చూచుచుండుటయు పల్లెపల్లెను కాననగును. కట్టించినవాడు ఎడారిలో పదిమందితో ఒక గదిలో పండుకొనును. అతని మేడలో ముసలి తల్లిదండ్రులు ఒక మూల గదిలో నుండి తక్కినవానికి తాళములు వేయుదురు. ఇది యెవరి ఇల్లు? ఉండువానికి వలసినంతకంటె పెద్దది, కట్టినవానికి ఉండుటకు వీలు లేనిది. నలుగురిలో పరువుకొఱకు కట్టిన గదులు నలుగురి చూపుకొఱకే మిగులును.

ఒక లెక్క ఊహించి చూతము. నెలకు 8,000 రూపాయలు కిరాయి నిచ్చు గృహస్థుడు సంవత్సరమునకు 96,000 ఇచ్చును. అట్టి యింటినే 30 లక్షల అప్పుతో, నూటికి 9 వడ్డీకి కొన్నాడనుకొనుడు. మొదటి యేటి వడ్డీయే 2,70,000 వఱకగును. అసలు వేఱుగా తీర్పవలెను. ఈ రెండింటి భేదమైన 1,74,000 రూపాయలతో బిడ్డల చదువు, ఆరోగ్యము, ముసలితనపు పొదుపు జరుగవచ్చును. కావున కిరాయి సొమ్ము నేలపాలని పలుకు మాట లెక్క తెలియని మాట. అయితే ఈ లెక్కయును సంపూర్ణము కాదు. కిరాయి యేటేట పెరుగును. యజమాని చుట్టము వచ్చినచో రెండు నెలలలో లేచిపొమ్మనును. బిడ్డల బడి మారును, మందులిచ్చు వైద్యుడు మారును, నమ్మి అప్పు పెట్టు కిరాణా కొట్టు మారును. ఈ నష్టములకు పద్దు లేదు. జనులు ప్రాణమొడ్డి సొంత యిల్లు కోరుట మూఢత్వముచేత కాదు. కిరాయి యింట నిలుకడ లేకపోవుటచేతనే. నిలుకడ యున్నచో కోరిక యెట్లు మారునో చూపుటకు ఐరోపాలోని వియన్నా నగరము చాలును. అచటి పురపాలకులు 1923 మొదలు 1934 వఱకు 60,000లకు పైగా ఇండ్లు కట్టించి పనివారికి స్వల్పమైన అద్దెకిచ్చిరి. కారణము లేక లేవగొట్టువాడు లేడు గనుక అచట అద్దె యింట పుట్టి అద్దె యింట ముసలియగుట చిన్నతనము కాదు.

తుదిగా ఇంటిలోని హక్కును విచారింపక ఈ చరిత్ర ముగియదు. సొంత యిల్లన్నప్పుడు ఎవరికి సొంతము? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కూతునకు ఆస్తిలో వాటా నిచ్చెను గాని, 23వ విధి ప్రకారము కుటుంబము నివసించు యింటిని పంచుమని అడుగు హక్కు ఆమెకు లేదు. మగ వారసులు పంచుకొనదలచినప్పుడే ఆమెకును దక్కును. పెండ్లికాని కూతురో, భర్త విడిచినదో, వితంతువో ఐనచో ఆ యింట నుండుటకు మాత్రము అనుమతి. పొలమున వాటాదారు, ఇంటిలో అతిథి! నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఉమ్మడి కుటుంబపుటాస్తిలో కూతులకు సమాన హక్కునిచ్చు సవరణను తెచ్చి, దానిని 1985నుండి వర్తింపజేసెను. 2005లో దేశమంతటికిని అట్టి సవరణ వచ్చి, 23వ విధి తొలగింపబడెను. 2006లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్లును, 2024లో తెలంగాణమున అదే పేరుతో మొదలైన పథకమును ఇల్లాలి పేరనే ఇల్లు నిచ్చుట శుభము. చట్టము మారినది. అన్నదమ్ములు మంచిమాటలతో చెల్లెలి చేత విడుదలపత్రము వ్రాయించుకొను ఆచారము మాత్రము ఇంకను మారలేదు. మనసంతకముతో మనమే తుడిచివేయు హక్కు ఎన్ని చట్టములు చేసినను నిలువదు.

పైని వ్రాసినదానినుండి గృహస్థులు గ్రహింపదగిన సంగతులు కొన్ని కలవు. ఆదాయము కుదురుకొనకముందు ఇంటికి అప్పు చేయకుడు. క్యాంపు రైతు పాకలో నుండి చేను చేసికొనెనని జ్ఞప్తియందుంచుకొనుడు. క్వార్టరులో నున్నవారు తమకు మిగులు కిరాయి సొమ్మును నెలనెలా వేఱుగా దాచుకొనుడు. అది మిగులు కాదు, రేపటి యింటి కిరాయి. ఉన్న యింటికి పత్రములు సరిచూచుకొనుడు. ఇంటి పత్రమున ఇల్లాలి పేరు చేర్పుడు. కిరాయికిచ్చువారు కులమడుగక ఒప్పందపు కాగితము అడుగుడు. కాలపరిమితి, పెంపుదల, ఖాళీకి గడువు అందు వ్రాసినచో ఇరువురకును మేలు. కిరాయి యింటివానికి పిల్లనిచ్చుటకు వెనుకాడువారు వరుని గోడలను గాక వాని అప్పులను విచారింపుడు.

ఇందూరు సీమలో నేల పత్రము గలవారి పాకలు ఊళ్లైనవి. పత్రము లేని క్వార్టరువారి నిలుకడ కర్మాగారపు పొగగొట్టముతోనే ముడిపడియుండెను. సొంత యిల్లుగలవారు గౌరవనీయులైనచో, ఇతరుల కాపురమును అకారణముగా కదలింపని యింటి యజమానులు అంతకంటె గౌరవనీయులు. కట్టగలవారు కట్టుకొందురు గాక. కట్టలేనివారు తలయెత్తుకొని, భయము లేక, పదియేండ్లు ఒక్క వాకిటనే ముగ్గు పెట్టుకొనగలిగిననాడు మన పట్టణములలో గృహసమస్య సగము తీరినదనవచ్చును.